ఏ ప్యాకేజీని ఎవరు వాడుతున్నారు: ఎల్‌మాడ్ నమోదు ఏర్పాటుపై ఒక సమీక్ష

ఒకే సర్వర్ మీద పలు విభాగాల వాళ్లు ప్రోగ్రాములు రాసుకునే చోట, అక్కడ పెట్టి ఉంచిన సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల్లో ఏది నిజంగా ఎవరికి పనికొస్తోందో తెలుసుకోవడానికి ఎల్‌మాడ్ అనే ఉచిత సాధనంలో ఒక ఏర్పాటు ఉంది. తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటింగ్ కేంద్రం బాధ్యతలు చూస్తున్న నేను కొంతకాలంగా దాన్ని నడుపుతున్నాను. ఇలాంటి ఉమ్మడి వ్యవస్థల బాధ్యత మోస్తున్న వాళ్లకు ఉపయోగపడుతుందన్న ఆశతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఈ ఏర్పాటు తప్పకుండా పెట్టుకోదగినది. అయితే అది ఇచ్చే అంకెలను పైపైన చదివితే, అంకెలేవీ లేనప్పటి కంటే పెద్ద పొరపాట్లు జరుగుతాయి.

ఎల్‌మాడ్ గురించి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఉమ్మడి సర్వర్‌లో ఒకే కంపైలర్‌కు (ప్రోగ్రామును యంత్రం నడిపే రూపంలోకి మార్చే సాధనానికి) నాలుగు వెర్షన్లు, ఒకే లైబ్రరీకి (ప్రోగ్రాములు వాడుకునేందుకు ముందే రాసి ఉంచిన కోడ్‌కు) ఐదు వెర్షన్లు పక్కపక్కనే ఉంటాయి. ఎవరికి ఏది కావాలో వాళ్లు ‘మాడ్యూల్ లోడ్’ అనే ఆదేశంతో ఎంచుకుంటారు. ఈ మాడ్యూళ్ల ఆలోచనను 1991లో జాన్ ఫుర్లానీ ఒక పత్రంలో వివరించారు. అదే పనిని లువా భాషలో కొత్తగా రాసి, మరింత జాగ్రత్తగా చేసేటట్టు తీర్చిదిద్దినది ఎల్‌మాడ్. అమెరికాలోని టెక్సస్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ సెంటర్‌లో రాబర్ట్ మెక్‌లే దీన్ని రూపొందించారు. వాడుకదారుడు ఏ ప్యాకేజీ కావాలన్నా సాధారణంగా ఈ ఒక్క వాకిలి గుండానే వెళ్తాడు కాబట్టి, లెక్క పెట్టడానికి ఇంతకంటే అనువైన చోటు మరొకటి లేదు.

లెక్క ఎందుకు కావలసి వచ్చిందో చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. మా సర్వర్‌లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన మాడ్యూళ్ల జాబితా కొండవీటి చాంతాడంత ఉండేది. ఒక వేసవి సెలవుల్లో డిస్కు నిండిపోతుంటే, పాతవని నాకు తోచిన కొన్ని వెర్షన్లను నేనే తీసేశాను. అందులో వాతావరణ దత్తాంశాలు చదవడానికి వాడే నెట్‌సీడీఎఫ్ లైబ్రరీ పాత వెర్షన్ ఒకటి ఉంది. నాలుగు రోజుల తర్వాత ఒక పరిశోధక విద్యార్థిని మా గదికి వచ్చింది.

“సార్, మొన్నటి దాకా నడిచిన ప్రోగ్రాము ఈ రోజు మొదట్లోనే ఆగిపోతోంది. అలాంటి మాడ్యూలే లేదంటోంది.”

“కొత్త వెర్షన్ ఉంది కదమ్మా, దాంతో మళ్లీ కంపైల్ చేసి చూశావా?”

“చేశాను సార్. కంపైల్ కావడం లేదు. థీసిస్ ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.”

ఈశాన్య రుతుపవనాల వానల మీద ఆమె మూడేళ్లుగా చేస్తున్న పని మొత్తం ఆ ఒక్క పాత వెర్షన్ మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమె గైడుకు తెలుసు. తీసేసిన నాకు మాత్రం తెలియదు. బ్యాకప్ నుంచి ఆ ఫోల్డర్‌ను వెనక్కి తెచ్చి మళ్లీ నడిచేటట్టు చేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు ఆమె పడిన ఆందోళనకు కారణం నేనే. ఎవరు దేన్ని వాడుతున్నారో తెలియకుండా ఏదీ ముట్టుకోకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మొదట తేలిక దారులే ప్రయత్నించాం. అన్ని విభాగాలకు ఒక ఫారం పంపితే, తిరిగి వచ్చినవి కొన్నే. వచ్చిన వాటిలో చాలామంది ‘అన్నీ కావాలి’ అని రాశారు. వాళ్లను తప్పుపట్టలేం. తాము ఏ లైబ్రరీ మీద ఆధారపడుతున్నామో ప్రోగ్రాము రాసేవాళ్లకే చాలాసార్లు తెలియదు. ఆ తర్వాత ఫైళ్లను చివరిగా ఎప్పుడు చదివారో చూశాం. డెబియన్ అనే లినక్స్ వాళ్ల పాపులారిటీ కాంటెస్ట్ ప్యాకేజీ ఈ పద్ధతినే నమ్ముకుంటుంది. యంత్రంలో పెట్టి ఉన్న ప్యాకేజీలను, ఇటీవల నిజంగా తెరిచిన ప్యాకేజీలను అది ఫైలు చదివిన తేదీని బట్టి వేరు చేసి చూపిస్తుంది. ఎవరి సొంత యంత్రంలో వారికి అది మంచి పద్ధతే. మా దగ్గర మాత్రం రాత్రిపూట నడిచే బ్యాకప్ ప్రతి ఫైలునూ తెరిచి చదువుతుంది. తెల్లారేసరికి అన్ని ప్యాకేజీలూ నిన్ననే వాడినట్టు కనిపించేవి. సర్వర్‌ను వేగంగా నడపడానికి చదివిన తేదీ రాయవద్దని డిస్కును అమర్చిన చోట దీనికి పూర్తి వ్యతిరేకం జరుగుతుంది, అక్కడ ఏదీ ఎవరూ వాడనట్టే ఉంటుంది. రెండూ అబద్ధాలే.

అప్పుడు ఎల్‌మాడ్ హుక్ దగ్గరికి, అంటే ఒక సంఘటన జరగగానే మనం రాసిన ఫంక్షన్‌ను పిలిచే సదుపాయం దగ్గరికి వచ్చాం. దీన్ని పెట్టడం ఆశ్చర్యపోయేటంత సులువు. సైట్‌ప్యాకేజ్ అనే ఒక లువా ఫైలులో ‘లోడ్’ సంఘటనకు మనం రాసిన చిన్న ఫంక్షన్‌ను కట్టేస్తాం. ఎవరైనా మాడ్యూల్ లోడ్ చేయగానే ఎల్‌మాడ్ ఆ ఫంక్షన్‌ను పిలిచి, మాడ్యూల్ పూర్తి పేరును, దాని ఫైలు ఎక్కడుందో ఆ చిరునామాను చేతికిస్తుంది. మనం వాటికి వాడుకదారుడి పేరు, యంత్రం పేరు, సమయం జోడించి యంత్రంలో జరిగే సంగతులను రాసుకునే సిస్‌లాగ్ అనే సేవకు ఒక వరుసగా పంపుతాం. సిస్‌లాగ్ ఆ వరుసలను వేరే యంత్రానికి చేరవేస్తుంది, అక్కడ అవి డేటాబేస్‌లోకి చేరతాయి. అంతే. ఫంక్షన్ మొదట్లోనే ‘ఇది నిజంగా లోడ్ చేస్తున్న సందర్భమేనా’ అని అడిగే ఒక్క పంక్తిని మరవకూడదు. అది లేకపోతే లోడ్ కాని సందర్భాలు కూడా లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంది. ఎల్‌మాడ్ పత్రాల్లో ఇచ్చిన నమూనాలోనే ఈ పరీక్ష ఉంది, ఉన్నదాన్ని ఉన్నట్టు వాడుకుంటే చాలు.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన గుణం, అది ఎవరి పనికీ అడ్డు రాకపోవడం. ఒక కార్తీక మాసపు వాన రాత్రి కరెంటు పోయి, లెక్కలు దాచే యంత్రం తెల్లవార్లూ ఆగిపోయింది. మాడ్యూళ్లు లోడ్ చేసుకుంటున్న వాళ్లలో ఒక్కరికి కూడా ఆ సంగతి తెలియలేదు. వాళ్ల యంత్రాల్లోని సిస్‌లాగ్ ఆ వరుసలను తీసుకుంది, పనులు నడిచిపోయాయి. ఆ రాత్రి లెక్కలో కొంత పోయింది. లెక్క పోయినా పరవాలేదు, పని ఆగకూడదు అన్న వరుసలోనే మన ప్రాధాన్యాలు ఉండాలి. వరుసలు పోకూడదని పట్టుబట్టే వాళ్లు సిస్‌లాగ్‌ను, చేరిందో లేదో చూసుకోని యూడీపీ పద్ధతి బదులు, చేరిందని చూసుకునే టీసీపీ మీద నడిపి, మధ్యలో డిస్కు మీద క్యూ పెట్టుకోవచ్చు.

మొదటి నెల లెక్క చేతికొచ్చినప్పుడు మాత్రం చాలా తికమకపడ్డాను. అన్నిటికంటే పైన నిలిచింది ఎవరూ ఇష్టపడని ఒక పాత కంపైలర్ మాడ్యూల్. దాని వరుసలను ఒక్కొక్కటిగా తీసి చూస్తే, ఒక విభాగంలో సీనియర్లు జూనియర్లకు తరతరాలుగా అందిస్తూ వచ్చిన ‘బాష్‌ఆర్‌సీ’ ఫైలులో ఆ మాడ్యూల్ పేరు ఉందని తేలింది. లాగిన్ అయిన ప్రతిసారీ అది తనంతట తానే లోడ్ అవుతోంది. ఇంకొకరు వెయ్యి చిన్న ముక్కలుగా విడగొట్టిన పనిని క్యూలో పెడితే, ఒక మనిషి చేసిన ఒక్క ప్రయోగం వెయ్యి లోడ్లుగా నమోదైంది. ఒక మాడ్యూల్ మరొకదాన్ని తనతో పాటు లాక్కొస్తే, అడగని మాడ్యూల్‌కూ ఒక లెక్క పడింది.

ఇది మన ఊరి వాళ్లకు బాగా తెలిసిన విషయమే. అలిపిరి టోల్‌గేటు దాటిన బండ్ల లెక్క వేరు, ఆ రోజు స్వామివారి దర్శనం అయిన వాళ్ల లెక్క వేరు. కొండ ఎక్కినవాళ్లలో దర్శనానికి రేపటిదాకా ఆగేవాళ్లూ ఉంటారు, భక్తులను దించి వెంటనే వెనక్కి దిగే డ్రైవర్లూ ఉంటారు. మాడ్యూల్ లోడ్ అన్నది టోల్‌గేటు లెక్క. దాన్ని దర్శనాల లెక్కగా చదివితే తప్పు మనదే, సాధనానిది కాదు.

అందుకే ఇప్పుడు నేను ఎన్నిసార్లు లోడ్ అయిందన్న అంకెను దాదాపు చూడను. ఒక నెలలో ఒక మాడ్యూల్‌ను ఎంతమంది వేర్వేరు మనుషులు, ఎన్ని వేర్వేరు రోజుల్లో తీసుకున్నారో చూస్తాను. లాగిన్ నోడ్ (అందరూ మొదట ప్రవేశించే యంత్రం) మీద పడిన లోడ్లను పక్కనపెట్టి, అసలు ప్రోగ్రాములు నడిచే నోడ్ల మీద పడిన వాటికే విలువ ఇస్తాను. ఈ రెండు మార్పులతో బాష్‌ఆర్‌సీ పుణ్యమా అని పైకి తేలినవి కిందికి దిగాయి. ఒకరిద్దరే అయినా నెలనెలా క్రమం తప్పకుండా వాడే చిన్న లైబ్రరీలు కంటికి కనిపించాయి. నాకు కావలసినవి అవే. పదిమంది వాడే ప్యాకేజీని ఎవరూ పొరపాటున తీసేయరు. ఒక్కరే వాడే ప్యాకేజీకే ఆ ప్రమాదం ఉంది.

పైథాన్ భాష దగ్గర ఎల్‌మాడ్ ఒక్కటే చాలదు. వాడుకదారుడు ‘పైథాన్’ మాడ్యూల్ లోడ్ చేశాడని మాత్రమే అది చెబుతుంది. లోపలి ప్యాకేజీల్లో అతను వాడింది పట్టికలకు పనికొచ్చే పాండాస్‌నా, ఫోటోలకు పనికొచ్చే ఓపెన్‌సీవీనా, మెషీన్ లెర్నింగ్‌కు పనికొచ్చే పైటార్చ్‌నా అన్నది దానికి తెలియదు. మా దగ్గర సగం మందికి పైథానే లోకం కాబట్టి దీన్ని వదిలేయలేకపోయాం. పైథాన్ మొదలయ్యేటప్పుడు తనంతట తానే చదువుకునే సైట్‌కస్టమైజ్ అనే ఫైలు ఒకటి ఉంటుంది. ప్రోగ్రాము ముగిసేటప్పుడు, అప్పటికి ఇంపోర్ట్ అయిన (ప్రోగ్రాములోకి తెచ్చుకున్న) ప్యాకేజీల పేర్లను రాసిపెట్టే చిన్న ఫంక్షన్‌ను అందులో పెట్టాం.

అక్కడ మేం చేసిన రెండు తప్పులు ఇతరులకు ఉపయోగపడతాయి. మొదటిది, ఆ ఫైలులో ఒక చిన్న పొరపాటు ఉండిపోయింది. సైట్‌కస్టమైజ్‌లో లోపం ఉంటే పైథాన్ ఆగదు, కానీ ఆ సంగతి తెలిపే రెండు పంక్తులను తెర మీద వేసి ముందుకు సాగుతుంది. ఆ రోజు సర్వర్‌లో పైథాన్ తెరిచిన ప్రతి ఒక్కరికీ ఆ పంక్తులు కనిపించాయి. ఇంతకంటే ఘోరమైన సంగతేమిటంటే, ఒకరి ప్రోగ్రాము ఇచ్చే ఫలితాన్ని చదివే మరో ప్రోగ్రాములోకి కూడా అవి చొరబడ్డాయి. అప్పటి నుంచి ఆ ఫైలులోని ప్రతి పనిని, ఏం జరిగినా మౌనంగా తప్పుకునేటట్టు రాస్తున్నాం.

రెండోది ఇంకా లోతైనది. ముగిసేటప్పుడు రాసే పద్ధతి, చక్కగా ముగిసిన ప్రోగ్రాములకే వర్తిస్తుంది. క్యూలో ఇచ్చిన గడువు దాటిన పనిని, ఆ క్యూను నడిపే స్లర్మ్ అనే సాధనం ముందు హెచ్చరిక సంకేతం ఇచ్చి, తర్వాత బలవంతంగా ఆపేస్తుంది. ఆ సంకేతాన్ని ప్రోగ్రాము ప్రత్యేకంగా పట్టుకోకపోతే పైథాన్ తన ముగింపు ఫంక్షన్లను పిలవదు. మల్టీప్రాసెసింగ్‌తో పుట్టిన పిల్ల ప్రాసెస్‌లు కూడా సాధారణంగా వాటిని పిలవకుండానే వెళ్లిపోతాయి. అంటే రోజుల తరబడి నడిచే అతి పెద్ద పనులే మా లెక్క నుంచి జారిపోతున్నాయి. పది నిమిషాల క్లాసు ప్రయోగాలన్నీ నమోదవుతున్నాయి. ఈ లెక్కను నమ్ముకుని ఉంటే, అలాంటి పెద్ద పనులకు పైటార్చ్ వాడేవాళ్లు మా దగ్గర చాలా తక్కువని అనుకునేవాళ్లం.

ఇప్పుడు ముగింపు దాకా ఆగడం లేదు. పైథాన్ ఒక ప్యాకేజీ కోసం వెతకడం మొదలుపెట్టగానే, ఆ వెతుకులాట వరుసలో మొట్టమొదట నిలబడి పేరు చూసుకుని, ‘నా దగ్గర లేదు, తర్వాతి వాళ్లను అడుగు’ అని పక్కకు తప్పుకునే ఒక చిన్న వస్తువును సిస్ మెటాపాత్ అనే పైథాన్ జాబితాలో పెట్టాం. మేం ముందే రాసుకున్న జాబితాలో ఆ పేరు ఉంటే మాత్రమే అది నమోదు చేస్తుంది. ఇంపోర్ట్ పేరు, ప్యాకేజీ పేరు ఒకటే కావని కూడా గుర్తుంచుకోవాలి. సీవీ2 అని ఇంపోర్ట్ చేస్తే అది ఓపెన్‌సీవీ పైథాన్, పీఐఎల్ అంటే పిల్లో, ఎస్‌కేలెర్న్ అంటే సైకిట్ లెర్న్. పైథాన్ 3.10 నుంచి ఈ జతలను చెప్పే సదుపాయం అందులోనే ఉంది.

ఇక మిగిలిన కష్టం వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లది, అంటే వాడుకదారులు తమ పని కోసం విడిగా కట్టుకునే పైథాన్ ఏర్పాట్లది. ఉమ్మడి పైథాన్ నుంచి పుట్టినవైతే, సైట్‌కస్టమైజ్‌ను ప్రామాణిక లైబ్రరీ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టినప్పుడు వాటినీ పట్టుకోవచ్చు. అదనపు ప్యాకేజీలు ఉండే సైట్‌ప్యాకేజెస్ ఫోల్డర్‌లో పెడితే పట్టుకోలేం. ఎవరైనా తమ హోమ్ ఫోల్డర్‌లో సొంతంగా కోండా (పైథాన్‌ను, ప్యాకేజీలను తెచ్చిపెట్టే సాధనం) పెట్టుకుంటే దానిలోని పైథాన్ వేరు, మా ఫైలును అది చదవదు. ప్యాకేజీల కోసం ఎక్కడ వెతకాలో పైథాన్‌కు చెప్పే పైథాన్‌పాత్‌ను సవరించి వాళ్ల ఎన్విరాన్‌మెంట్‌లోకి కూడా దూరవచ్చని నాకు సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. సొంతంగా పెట్టుకున్నది సొంతమే. మా బాధ్యత మేం పెట్టిన ప్యాకేజీల వరకే.

ఆర్ భాషలో పని తేలిక. ఆర్‌ప్రొఫైల్ సైట్ ఫైలులో ఒక ఫైనలైజర్ (ముగిసేటప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టి, ముగింపులో లోడ్ అయి ఉన్న పేర్లను రాసుకోవచ్చు. వాడుకదారుడు ‘లైబ్రరీ’ అని స్వయంగా అడిగి జతచేసుకున్నవి వేరు, వాటి కోసం వెనకగా వచ్చినవి వేరు అని ఆర్ తానే విడదీసి చూపడం ఒక వరం. ఇలాంటి ఫైళ్లేవీ చదవవద్దని ‘వెనిలా’ అని చెప్పి ఆర్ తెరిచేవాళ్లు ఈ లెక్కలోకి రారు. అలాంటివాళ్లు కొద్దిమందే.

కంపైల్ చేసిన ప్రోగ్రాముల విషయంలో మాత్రం ఎల్‌మాడ్ పరిమితిని స్పష్టంగా చెప్పాలి. లైబ్రరీ ఎక్కడుందో ఆ చిరునామాను కంపైల్ చేసేటప్పుడే ప్రోగ్రాములో పొందుపరిస్తే, నడిపేటప్పుడు మాడ్యూల్ లోడ్ చేయనవసరమే లేదు. అలాంటి ప్రోగ్రాము రెండేళ్లపాటు రోజూ నడిచినా ఎల్‌మాడ్ లెక్కలో అది లేనట్టే. ఈ ఖాళీని పూరించడానికి మార్క్ ఫేహీ, మెక్‌లే కలిసి ఎక్సాల్ట్ అనే మరో సాధనాన్ని రూపొందించారు. లింకు చేసేటప్పుడే అది ప్రోగ్రాములో ఒక గుర్తు వేసి, ఏ లైబ్రరీలు కలిశాయో రాసుకుంటుంది. నడిచేటప్పుడు కూడా గమనిస్తుంది. పెద్ద కేంద్రాలకు అది సరైనది. ఇద్దరు మనుషులతో నడిచే మా వంటి చోట దాన్ని నిలబెట్టి పోషించడం భారం. అందుకే పాత లైబ్రరీని తీసేముందు, ప్రోగ్రాము ఏ లైబ్రరీలను వాడుతుందో చూపే ‘ఎల్‌డీడీ’తో హోమ్ ఫోల్డర్లలోని ప్రోగ్రాములను, వాళ్ల అనుమతితో, ఒకసారి పరీక్షించడంతో సరిపెట్టుకుంటున్నాం.

అనుమతి మాట వచ్చింది కాబట్టి, ఈ సమీక్షలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే చెబుతాను. ఈ వరుసల్లో మనిషి పేరుంది, సమయం ఉంది, యంత్రం ఉంది. ఎవరు అర్ధరాత్రి పనిచేస్తారు, ఎవరు పది రోజులుగా సర్వర్ ముఖం చూడలేదు అన్నది కూడా అందులో ఉంది. వ్యక్తిగత డిజిటల్ దత్తాంశాల రక్షణకు మన దేశంలో 2023లో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా, చెప్పకుండా లెక్క పెట్టడం నమ్మకద్రోహమే. నమోదు మొదలయ్యే ముందే లాగిన్ సందేశంలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాం: ఏం రాసుకుంటున్నాం, ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతాం, ఎవరు చూస్తారు. మనుషుల పేర్లున్న వరుసలను ఆరు నెలల తర్వాత చెరిపేసి, నెలవారీ మొత్తాలను మాత్రమే దాచుకుంటున్నాం. ప్రోగ్రాము పేరు గానీ, ఫైళ్ల పేర్లు గానీ, ఆదేశంలో ఇచ్చిన మాటలు గానీ అసలే రాయం.

ఈ నియమం గట్టిదనాన్ని పరీక్షించే సందర్భం కూడా వచ్చింది. ఒక విద్యార్థి సర్వర్ మీద నిజంగా పనిచేస్తున్నాడో లేదో చెప్పమని అతని విభాగం నుంచి ఒకరు అడిగారు. ఇది హాజరు పట్టీ కాదని, ప్యాకేజీల అవసరం తెలుసుకోవడానికి మాత్రమే రాసుకుంటున్నామని చెప్పి తిరస్కరించాను. ఆ రోజు సరేనని ఇచ్చి ఉంటే, మర్నాటి నుంచి విద్యార్థులంతా సొంత కోండాలు పెట్టుకుని మా మాడ్యూళ్ల వైపు రావడం మానేసేవాళ్లు. ఈ సాధనాన్ని కొత్తగా పెట్టేవాళ్లు ఆ తిరస్కారాన్ని కాగితం మీద ముందే రాసి, పైవాళ్ల సంతకం తీసుకుని ఉంచుకోవడం మంచిది.

డబ్బు ఖర్చు దాదాపు లేదు. ఎల్‌మాడ్ ఉచితం, లెక్కలు దాచడానికి ఒక పాత డెస్క్‌టాప్ సరిపోయింది. ఖర్చయ్యేది సమయమే. హుక్ పెట్టడానికి ఒక పూట పట్టింది. అంకెలను సరిగ్గా చదవడం నేర్చుకోవడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

మా సర్వర్‌లో ఉన్న సెంట్‌ఓఎస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసిపోవడంతో, సర్వర్‌ను కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి మార్చి, మాడ్యూళ్లన్నీ మళ్లీ కట్టవలసి వచ్చింది. అన్నీ కట్టే ఓపిక మా ఇద్దరికీ లేదు. అప్పుడే ఈ లెక్కల అసలు విలువ తెలిసింది. నిజంగా మనుషులు వాడుతున్న వాటిని ముందు కట్టాం. బంగారుపాళ్యం వైపు మామిడి తోటల్లో తీసిన ఫోటోల నుంచి కాయలు లెక్కించే విద్యార్థుల కోసం ఓపెన్‌సీవీ మొదటి వారంలోనే సిద్ధమైంది. లెక్క లేకపోతే అది జాబితా చివర ఎక్కడో ఉండేది, ఎందుకంటే వాళ్లు ఎన్నడూ మా గదికి వచ్చి ఏదీ అడగలేదు. మిగతా పాతవాటికి ఎల్‌మాడ్‌లోని అడ్మిన్ లిస్ట్ సదుపాయాన్ని వాడాం. లోడ్ చేసిన వాళ్లకు మాత్రమే ‘ఈ వెర్షన్‌ను ఫలానా తేదీన తీసేస్తున్నాం, కావాలంటే మాకు చెప్పండి’ అని అది చూపిస్తుంది. అందరికీ పంపే ఈమెయిల్ ఎవరూ చదవరు. వాడే చోటే, వాడేవాడికే కనిపించే మాట చదువుతారు.

చివరికి పాత నెట్‌సీడీఎఫ్ ఒక్కటి మిగిలింది. లెక్క చూస్తే దాన్ని ఒకే ఒక్కరు, ప్రతి నెలా మొదటి వారంలో, ఒక్క రోజు మాత్రమే తీసుకుంటున్నారు. లోడ్ల సంఖ్యను బట్టి పేర్చి చూస్తే ఆయన జాబితాలో అట్టడుగున ఉంటారు. ఫోన్ చేస్తే, ప్రయోగశాలలో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక సహాయకుడు ఎత్తారు. వర్షపాతం నెలవారీ పట్టికను ఒక పాత ఫోర్ట్రాన్ ప్రోగ్రాముతో తయారుచేస్తున్నది ఆయనే. అది రాసినవారు ఎప్పుడో రిటైరయ్యారట. మా సహోద్యోగి ఒక మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని, ఆ ప్రోగ్రామును కొత్త లైబ్రరీతో కంపైల్ చేసి ఇచ్చాడు. రెండు నెలలు పాత పట్టికనూ కొత్త పట్టికనూ పక్కపక్కన పెట్టి, చివరి దశాంశం దాకా కలుస్తున్నాయని ఆయనే చూసి చెప్పారు. ఆ తర్వాతే పాత ఫోల్డర్‌ను తీశాం. ఆ వారమంతా ఫోన్ దగ్గరే ఉన్నాను. ఎవరూ చేయలేదు.